నీలం ఫోనూ నారింజ ఫోనూ

ఆ ఆదివారం పొద్దున్న నిద్ర లేస్తూ అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చెయ్యాలి, ఇస్త్రీ చేసిన నీలం చొక్కా తొడుక్కోవాలి, కొట్టుకు వెళ్ళి కట్టుకున్న పెళ్ళాన్ని చిత్తుగా ఓడించాలి. బయట వాన పడుతోంది. వారం రోజులుగా అదే వాన, అదే బూడిదరంగు ఆకాశం, గోడల మీద అదే చెమ్మ. ఇలాంటి రోజున ఎవరిని ఓడించినా పెద్దగా సంతోషం కలగదని అతనికి తెలుసు. అయినా ఉద్యోగం ఉద్యోగమే కదా అనుకుంటూ దుప్పటి మడిచాడు.

భార్యాభర్తలిద్దరూ ఒకే సెల్‌ఫోన్ల కొట్టులో పనిచేస్తారు, కాని ఒకే కంపెనీకి కాదు. కుడిపక్క బల్ల ఒక కంపెనీది, ఎడమపక్కది దాని ప్రత్యర్థి కంపెనీది. కుడి బల్ల వెనక నీలం చొక్కాలో అతను, ఎడమ బల్ల వెనక నారింజరంగు చొక్కాలో ఆమె పొద్దస్తమానం నిలబడతారు. తమ ఫోన్ ఎందుకు గొప్పదో, అవతలిది ఎందుకు దండగో వచ్చినవాళ్ళకు చెప్పడమే ఇద్దరి పనీ. పోటీ బల్లల దగ్గర బంధువులు పనిచేయకూడదని రెండు కంపెనీలూ నియమం పెట్టాయి. ఆ రెండు కంపెనీలకూ ఏకాభిప్రాయం ఉన్నది ఆ ఒక్క విషయంలోనే.

అందుకని పెళ్ళయిన సంగతి కొట్టులో ఎవరికీ చెప్పలేదు. వీధి మలుపు దాకా ఒకే గొడుగు కింద నడిచి, అక్కణ్ణుంచి ఆమె తిన్నగా వెళుతుంది, అతను వెనక వీధిలోంచి చుట్టు తిరిగి వెళతాడు. కొట్టులో ఆమె అతన్ని "సార్" అంటుంది. అతను "మేడమ్" అంటాడు, "మీరు" అంటాడు. ఇంట్లో ఏనాడూ దక్కని ఆ మర్యాద విన్నప్పుడల్లా ఆమె ఒక్క క్షణం ఎవరినో అన్నారనుకుని వెనక్కి తిరిగి చూస్తుంది. కొట్టు యజమాని మాత్రం పేర్ల జోలికి పోడు. చొక్కా రంగు చూసి "నీలం గారూ", "నారింజ మేడమ్" అని పిలుస్తాడు.

ఇంకో నియమం ఇంట్లో ఉంది. అది అత్తగారు పెట్టినది. ఒకసారి భోజనాల దగ్గర ఎవరి ఫోన్ కెమెరా మెరుగన్న మాట వచ్చి, అది బ్యాటరీకి పాకి, అక్కణ్ణుంచి ఇరువైపుల పుట్టిళ్ళకూ పాకి, ఆ తర్వాత చాలా రోజులు గిన్నెల చప్పుడు తప్ప ఇంట్లో మాట వినపడలేదు. అప్పుడు కూతురి దగ్గరే ఉంటున్న అత్తగారు గరిటె పట్టుకుని తీర్పు చెప్పింది.

"ఈ గడప లోపల ఫోన్ల ఊసెత్తితే ఇద్దరికీ భోజనం పెట్టను. కొట్టు సంగతులు కొట్టులోనే వదిలేసి రండి."

అప్పట్నుంచీ ఇద్దరూ ఇంట్లో వాన గురించి, కూరగాయల గురించి, పక్కింటివాళ్ళ గురించి మాట్లాడుకుంటున్నారు. తమ ఉద్యోగాల గురించి మాత్రం ఒకరికొకరు పరాయివాళ్ళు.

ముందురోజు సాయంత్రం యజమాని ఇద్దరినీ పిలిచాడు. ఆయన మొహం చాలా నెలలుగా వాడిపోయే ఉంది. వచ్చినవాళ్ళంతా ఫోన్ చేత్తో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ఇంటికెళ్ళి ఆన్‌లైన్లో కొనుక్కుంటున్నారని ఆయన బెంగ.

"సగం కొట్టు పరుపుల వ్యాపారికి అద్దెకిచ్చేశానండీ. సోమవారం మధ్యలో చెక్క గోడ కట్టేస్తాడు. మిగిలిన సగంలో ఒక్క బల్లే పడుతుంది" అన్నాడు ఆయన. "రేపు పొద్దున్న రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి జనానికి చూపించండి. ఎవరిది ఎక్కువ అమ్ముడైతే వాళ్ళ బల్ల ఉంటుంది. రెండోవాళ్ళు... నేనేం చెయ్యను, నన్ను తిట్టుకోకండి."

అతను స్నానం చేసి వచ్చేసరికి భార్య గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని ఉంది. ఒక బూటు ఒళ్ళో పెట్టుకుని దానివైపే చూస్తోంది. చెంప మీద నీటిచుక్క జారుతోంది. అతని మనసు చివుక్కుమంది. చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్ళాడు.

"అత్తయ్యా, దానికేమైంది?"

"ఏమవుతుంది బాబూ? రాత్రంతా దొర్లుతూనే ఉంది. బెంగ! ఆ ఉద్యోగమంటే దానికి ప్రాణం. అది కాస్తా పోయిందంటే పిల్ల మంచం పడుతుంది, రాసిపెట్టుకో."

అత్తగారు కూతురిని అడిగి ఈ మాట చెప్పలేదు. ఆవిడ ఎవరినీ ఏదీ అడగదు. ఆవిడకు అన్నీ ముందే తెలిసి ఉంటాయి.

అతనికి పాత సంగతి గుర్తొచ్చింది. ఆమె ఉద్యోగంలో చేరతానన్నప్పుడు ఇంటిల్లిపాదీ వద్దన్నారు, అందరికంటే గట్టిగా అతనే అన్నాడు. "మీరంతా చూస్తూ ఉండండి, చేసి చూపిస్తాను" అని ఆమె పట్టుబట్టి చేరింది. ఇప్పుడు తన చేతుల్తోనే దాన్ని బయటికి పంపాలా? పెళ్ళాం ఉద్యోగం ఊడగొట్టి, సాయంత్రం ఇంటికొచ్చి ఏ మొహం పెట్టుకుని కాఫీ అడగాలి? వద్దు, తనే ఓడిపోవాలి. ఆమెకు తెలియకుండా ఓడిపోవాలి. ఏ ముసలితనంలోనో సంగతి తెలిసి ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందన్న ఊహ రాగానే తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. బాధపడే అవకాశం దొరికితే చేజార్చుకునే మనిషి కాదతను.

ఆ రోజు అతను చుట్టుదారిలో గబగబా నడిచి అందరికంటే ముందు కొట్టు చేరాడు. యజమాని వెనకగదిలో ఉన్నాడు. అతను తల నిమురుకుని, వేలికి అంటిన నూనెను నీలం ఫోన్ కెమెరా గాజు మీద దట్టంగా పులిమాడు. తర్వాత టార్చి వెలిగించి, ఫోన్ను బల్ల సొరుగులో బోర్లించి, సొరుగు మూశాడు. పోటీ మొదలయ్యేసరికి బ్యాటరీ అడుగంటిపోవాలని అతని ఉద్దేశం.

జనం బాగానే వచ్చారు. ఫోన్లు చూడ్డానికి కాదు, వానకు తలదాచుకోవడానికి. తడిసిన గొడుగుల నుంచి నీళ్ళు కారి గచ్చంతా చిత్తడి చిత్తడిగా ఉంది. అందరి మొహాలూ ఆకాశంలాగే ఉన్నాయి. యజమాని గొంతు సవరించుకున్నాడు.

"ముందుగా కెమెరా! ఎవరైనా ఒకరు ముందుకు రండి."

ఎవరూ కదల్లేదు. చివరికి ఒక వెండిజుట్టు పెద్దావిడ, వాన తగ్గేదాకా ఎలాగూ పనిలేదన్నట్టు ముందుకొచ్చి నిలబడింది. నారింజ ఫోన్ ఫోటో అద్దంలా వచ్చింది. మొహం మీది ప్రతి ముడతా, గడ్డం మీది పులిపిరీ, కళ్ళకింది నల్లని చారలూ ఒక్కటీ వదలకుండా పట్టింది. పెద్దావిడ దాన్ని చూసి మొహం తిప్పేసుకుంది. అతను నిశ్చింతగా సొరుగులోంచి నీలం ఫోన్ తీసి నొక్కాడు. వెలుగుతున్న టార్చిని అందరూ ఫ్లాష్ అనుకున్నారు. నూనె పుణ్యమా అని ఫోటో మంచుతెరలోంచి తీసినట్టు వచ్చింది. ముడతల్లేవు, పులిపిరి లేదు, తల చుట్టూ సన్నటి వెలుగు.

"అయ్యో, ఇది నేనే!" అంది పెద్దావిడ. "పెళ్ళయిన కొత్తల్లో ఇలాగే ఉండేదాన్ని. ఇదివ్వు నాయనా, ఇంకేదీ నాకక్కర్లేదు."

జనమంతా నీలం బల్ల వైపు జరిగారు. అతనికి పైప్రాణాలు పైనే పోయాయి. భార్య వైపు చూశాడు. ఆమె పెదవులు బిగించి, "సార్ వాళ్ళ కెమెరా చాలా బాగుందండీ. మాది అంత బాగా రాదు" అంది. ఎంత బాధను దిగమింగుకుని ఆ మాట అంటోందో అనుకున్నాడతను.

"మరి బ్యాటరీ?" అన్నాడు రెయిన్‌కోటు వేసుకున్న ఒకాయన.

అతను ఆశగా ఫోన్ వెనక్కి తిప్పాడు. టార్చి ఇంకా ధగధగా వెలుగుతోంది. యజమాని వంగి చూసి నోరెళ్ళబెట్టాడు.

"నీలం గారూ, ఇది ఎప్పట్నుంచి వెలుగుతోంది?"

"పొద్దున్నుంచీ అండీ. పొరపాటున..."

"పొద్దున్నుంచీ టార్చి వెలుగుతూనే ఉందట! అయినా సగానికి పైగా ఛార్జి ఉంది! చూడండి, అందరూ చూడండి!"

జనం చప్పట్లు కొట్టారు. అతనికి ముచ్చెమటలు పోశాయి. ఇక లాభం లేదని, ఎవరికో చూపిస్తున్నట్టు నటించి ఫోన్ను చేతిలోంచి వదిలేశాడు. అది గచ్చు మీద దబ్బున పడి, ఎగిరి, నీళ్ళ మడుగులోంచి జారుకుంటూ యజమాని బూటు పక్కన ఆగింది. ఆయన తీసి నలిగిపోయిన చేతిరుమాలుతో దాని తెర తుడిచాడు. గాజు మీద గీత కూడా లేదు. పైగా ఆ టార్చి ఇంకా వెలుగుతోంది.

"కింద పడేసి కూడా చూపిస్తున్నాడండీ! ధైర్యమంటే అదీ!" అన్నారెవరో.

"మాదైతే ఈపాటికి ముక్కలయ్యేదండీ" అంది ఆమె, ఎవరూ అడక్కుండానే. "చేతిలోంచి జారుతుంది కూడా. వెనక గాజు నున్నగా ఉంటుంది. కవరు వేసుకోకపోతే చాలా కష్టం."

ఆ మాటతో రెయిన్‌కోటాయన ఆమె వైపు తిరిగాడు. "ఇంకేమేం బాగోవమ్మా?" అన్నాడు.

"ఆటలాడితే వేడెక్కుతుందండీ. మెమరీ కార్డు పెట్టుకోవడానికి చోటు లేదు. చెయ్యి తడిగా ఉంటే వేలిముద్ర పట్టుకోదు. ఇలాంటి వానల్లో మరీనూ."

ఆమె ఒక్కొక్క లోపమూ చెబుతుంటే మొహం తేటపడుతోంది. జనం మెల్లగా ఒకరొకరే నారింజ బల్ల వైపు చేరారు. తన సరుకులో లోపాలు తనే చెప్పే మనిషి వాళ్ళకు ఏ కొట్టులోనూ తగల్లేదు. అతనికి మాత్రం అది వేరేలా కనపడింది. మనసు విరిగిపోయి, ఆశ వదిలేసుకుని, నా భార్య తన గొయ్యి తనే తవ్వుకుంటోంది! ఇక ఊరుకోలేకపోయాడు. నీలం బల్ల వదిలి, నడుచుకుంటూ వచ్చి, నారింజ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

"మేడమ్ మొహమాటపడుతున్నారు. నిజం నేను చెబుతాను, వినండి" అన్నాడు. "ఈ స్క్రీన్ ఎండలో కూడా తేటగా కనపడుతుంది, మాది మసకేస్తుంది. వేలితో తోస్తే పేజీ నీళ్ళలా జారుతుంది, మాది తడబడుతుంది. దీని ప్రాసెసర్ మాకన్నా కొత్తది. ర్యామ్ మాకన్నా ఎక్కువ. స్పీకర్లు రెండువైపులా ఉన్నాయి, మాకు ఒకటే. ఛార్జింగ్ అంటారా, మీరు స్నానం చేసి వచ్చేలోపు నిండుతుంది. మాది పెట్టి మీరు ఊరెళ్ళి రావచ్చు."

"సార్, మీరెందుకు అంత శ్రమపడతారు?" అంది ఆమె కంగారుగా. "మెమరీ కార్డు..."

"కార్డు దేనికి మేడమ్? లోపలే బోలెడంత చోటుంది!"

"వేడెక్కుతుందని చెప్పాను కదండీ!"

"ఆటలెవరాడమన్నారు?"

"మీ బల్ల దగ్గరికి మీరు వెళ్ళండి సార్!" ఆమె గొంతు పెరిగింది.

"వెళ్ళనండీ! నిజం చెప్పే హక్కు నాకుంది!"

వాళ్ళిద్దరూ అలా అవతలివాళ్ళ ఫోన్ను ఆకాశానికెత్తుతూ, తమ ఫోన్ను తిడుతూ కీచులాడుకుంటుంటే జనానికి వాన మాటే గుర్తులేదు. పెద్దావిడ ఒక్కతే, యజమాని చేతిలోంచి అందుకున్న నీలం ఫోన్ను ఒడిసిపట్టుకుని ఉంది. అతను ఆవిడ దగ్గరికెళ్ళి, చొక్కా అంచుతో కెమెరా గాజు శుభ్రంగా తుడిచి, మళ్ళీ ఫోటో తీసి చూపించాడు. ముడతలు, పులిపిరి, నల్లచారలు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఆవిడ ఫోన్ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని వెతికింది.

"ఇందాకటిది ఏమైంది నాయనా?"

"అది నూనె అండీ" అన్నాడతను. ఆ మాట అన్న తర్వాత అతనికి నిజంగానే బాధేసింది.

ఆవిడ ఫోన్ బల్ల మీద పెట్టి, గొడుగు తెరుచుకుని వానలోకి వెళ్ళిపోయింది. రెయిన్‌కోటాయన బల్ల మీద చరిచాడు. "ఎదుటివాడి సరుకును ఇంతగా మెచ్చుకున్నాడంటే అది నిజంగా మంచిదై ఉండాలి. నాకు నారింజదివ్వండి" అన్నాడు. ఆయన వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక ఇంకొకరు. మధ్యాహ్నానికి నారింజ బల్ల కింద డబ్బాలన్నీ అయిపోయాయి. నీలం డబ్బా ఒక్కటీ కదల్లేదు.

యజమాని అతన్ని పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు.

"నీలం గారూ, అమ్మడం మీకు బ్రహ్మాండంగా వచ్చు. మీ ఖర్మ, అవతలివాళ్ళది అమ్మారు. మీ కంపెనీవాళ్ళకు నేను ఫోన్ చేశాను. చొక్కా ఇచ్చేసి వెళ్ళమన్నారు."

తర్వాత ఆమె వైపు తిరిగాడు. "నారింజ మేడమ్, ఇక కొట్టంతా మీదే. తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా మీరొక్కరే చూసుకోవాలి. చోటు తక్కువ కదా, వెనకగదిలో స్టూలు కూడా తీయించేస్తున్నాను."

ఆమె రెండు చేతుల్లో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "ఆనందం పట్టలేకపోతోంది, పాపం" అన్నాడు యజమాని. అతను కూడా అదే అనుకుని, చొక్కా విప్పి మడతపెట్టి బల్ల మీద పెట్టి, బనీనుతోనే గొడుగు పట్టుకుని ఇంటికి బయల్దేరాడు. చలికి ఒళ్ళు గగుర్పొడుస్తున్నా, వీధిలో వాళ్ళు తనవైపే చూస్తున్నా, ఆ రోజు చుట్టుదారిన వెళ్ళక్కర్లేదన్న సంగతి అతనికి నచ్చింది.

మధ్యాహ్నం ఎదురింటి నర్సమ్మ వచ్చి తలుపు తట్టింది. ఆవిడ పక్కవీధిలోని కంటి ఆస్పత్రిలో పనిచేస్తుంది.

"మీ ఆవిడ రేపట్నుంచి మా ఆస్పత్రిలో చేరతానంది కదా, గుర్తుచేద్దామని వచ్చాను. ముందుగదిలో కూర్చుని రోగుల పేర్లు పిలిచే పని."

అతని గుండె కరిగిపోయింది. ఓడిపోతానేమోనని పాపం ముందుజాగ్రత్తగా ఎక్కడెక్కడ అడుక్కుందో! "ఆమెకిక ఆ అవసరం లేదండీ. గెలిచింది. ఆ కొట్టు వదిలి ఎక్కడికీ రాదు" అన్నాడు గర్వంగా.

"అయ్యో, డాక్టరుగారికి రేపటికల్లా మనిషి కావాలే! ఇంకో ఇద్దరు అడిగితే కాదన్నాం, మీ ఆవిడ మాటిచ్చిందని."

"నేనొస్తాను. మా ఇంటి మాట పోనివ్వను" అన్నాడు.

నర్సమ్మ అక్కడే డాక్టరుగారికి ఫోన్ చేసి ఖాయం చేసేసింది. అతను లోపలికి వచ్చి భార్య కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. గెలుపు ఒక శుభవార్త, ఆస్పత్రి రెండోది. ఆ రెండోది ఎలా చెప్పాలో మనసులో దిద్దుకుంటుంటే సాయంత్రమైంది.

ఆమె వచ్చి, గుమ్మంలోనే కూలబడి, బూట్లు లాగేసింది. పాదాలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. అతను వాటిని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"ఆ నూనె మీ తలది" అంది ఆమె. "ఎందుకు చేశారా పని?"

"గడప లోపల ఫోన్ల ఊసు..."

"ఎందుకు చేశారని అడుగుతున్నాను!"

"నీకోసమే! ఆ ఉద్యోగమంటే నీకు ప్రాణం కదా. పొద్దున్న బూటు పట్టుకుని ఏడుస్తుంటే చూడలేకపోయాను."

"బూటులో కాలు పట్టక ఏడ్చానండీ!"

అతను వంగి ఆ బూటు చేతిలోకి తీసుకుని చూశాడు.

"పగలంతా నిలబడి నిలబడి అరికాళ్ళు మండిపోతున్నాయి. పక్క మీద వాలినా మంట తగ్గదు. నాకు కుర్చీ కావాలి, అంతే. ఎన్నాళ్ళనుంచో అదే నా కోరిక. మానేస్తే 'చేసి చూపిస్తానంది, చేతులెత్తేసింది' అని మీరే అందరికంటే ముందు అంటారు. అదే ఓడిపోతే ఎవరూ ఏమీ అనరు కదా. అందుకని ఓడిపోదామనుకున్నాను. కంటి ఆస్పత్రిలో కుర్చీ కూడా చూసిపెట్టుకున్నాను. మెత్తటి కుర్చీ, చేతులు ఆన్చుకునేది."

నేను అలా అనేవాణ్ణే, అనుకున్నాడతను. ఆ మాట ఆమె గొంతులో వినేసరికి సిగ్గుతో తల దించుకున్నాడు. తనెందుకు ఆమెను ఏనాడూ అడగలేదు? తనెందుకు ఆ కాళ్ళవైపు ఏనాడూ చూడలేదు? పొద్దున్న బెంగ అని తీర్పు చెప్పిన అత్తగారున్న వంటింటి వైపు తిరిగాడు. వంటింట్లో ఎప్పుడూ వినపడే గిన్నెల చప్పుడు ఆ పూట లేదు.

"పోనీలెండి" అంది ఆమె కళ్ళు తుడుచుకుని. "కొట్టు మానేసి రేపు ఆ కుర్చీలోనే చేరతాను. మీరు నెమ్మదిగా ఇంకోటి వెతుక్కోండి."

అతను రెండో శుభవార్త చెప్పాడు.

ఆమె విప్పిన బూట్లను ఒక్కొక్కటే తీసి గోడవారగా పెట్టింది. తిట్టలేదు, ఏడవలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"నారింజ చొక్కా నేనే వేసుకుని నిలబడతాను. నువ్వు కుర్చీకి వెళ్ళు" అన్నాడతను.

"అవతలి కంపెనీలో చేసినవాళ్ళను ఏడాది దాకా మావాళ్ళు తీసుకోరు. ఆస్పత్రిలో మీ పేరు చెప్పేశారు, ఇప్పుడు మార్చితే ఇద్దరినీ వద్దంటారు. ఉన్న రెండూ పోగొట్టుకుందామా?" అంటూ ఆమె లేచి, పాదాలు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్ళింది.

మర్నాడు వాన అలాగే పడుతోంది. ఇద్దరూ ఒకే గొడుగు కింద మలుపు దాకా నడిచారు. అక్కణ్ణుంచి ఆమె కొట్టుకు వెళ్ళింది, అతను ఆస్పత్రికి వెళ్ళాడు. కుర్చీ ఆమె చెప్పినట్టే ఉంది, మెత్తగా, చేతులు ఆన్చుకునేలా. సాయంత్రం ఆమె రాకముందే వేణ్ణీళ్ళు కాచి, గిన్నె తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు. ఆమె పాదాలు అందులో పెట్టి కళ్ళు మూసుకుంది. అప్పట్నుంచీ రోజూ అదే. రోజంతా కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తోందని అతను ఇంట్లో ఒకే ఒక్కసారి అన్నాడు.